సిగ్నల్ క్యాబిన్: బ్రిటన్ రైల్వేల పాత కట్టడాలు, వాటి పరిరక్షణ

నిర్వచనం, పరిధి

స్టేషన్, జంక్షన్ లేదా లెవెల్ క్రాసింగ్ దగ్గర పాయింట్లను, సిగ్నళ్లను ఒకేచోట నుంచి లివర్లతో నడపడానికి కట్టిన కట్టడాన్ని సిగ్నల్ క్యాబిన్ అంటారు. బ్రిటన్‌లో దీని పేరు సిగ్నల్ బాక్స్. భారతీయ రైల్వేల్లో ఈస్ట్ క్యాబిన్, వెస్ట్ క్యాబిన్ అని దిక్కుల పేర్లతో పిలవడం రివాజు. తెలుగు పాఠకులకు క్యాబిన్ అన్న మాటే పరిచయం కనుక ఈ వ్యాసంలో అదే వాడుతున్నాం. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో బ్రిటన్‌లో రూపుదిద్దుకున్న ఈ కట్టడం, బ్రిటిష్ పద్ధతిలో రైలుమార్గాలు వేసిన దేశాలన్నింటికీ పాకింది.

మామూలు క్యాబిన్‌కు రెండు అంతస్తులు. పైన సిగ్నల్‌మ్యాన్ పనిచేసే గది, కింద లివర్ల అడుగు భాగాలూ వాటిని ఒకదానితో ఒకటి బిగించే ఇనుప యంత్రాంగమూ ఉండే లాకింగ్ గది. పై గదికి మూడు వైపులా అద్దాల కిటికీలు, కింది గదికి మందపాటి గోడలు ఉంటాయి. బయటి నుంచి చూసేవారికి కిటికీలే కనిపిస్తాయి కానీ, కట్టడం పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ లోపలి యంత్రాన్ని బట్టే నిర్ణయమవుతాయి. పరిరక్షణ గురించి తర్వాత వచ్చే చర్చకు మూలం ఇదే.

చరిత్ర

తొలి రోజులు. 1830లలో బ్రిటన్ రైల్వేల్లో బండ్ల రాకపోకలను రైల్వే పోలీసులు చూసేవారు. జెండా ఊపడం, చేత్తో సైగ చేయడం, పాయింటు దగ్గరికి నడిచి వెళ్లి దాన్ని మార్చడం వాళ్ల పని. అందుకే పోలీసుకు వాడే ‘బాబీ’ అన్న ముద్దుపేరు తర్వాతి కాలపు సిగ్నల్‌మ్యాన్‌కూ అంటుకుపోయింది. ఒక బండి వెళ్లాక ఇన్ని నిమిషాలు ఆగి రెండో బండిని వదలడం అప్పటి పద్ధతి. ముందు వెళ్లిన బండి దారిలో ఆగిపోతే వెనక వచ్చే డ్రైవరుకు తెలిసే దారే లేదు.

1843–44లో లండన్‌లోని బ్రిక్‌లేయర్స్ ఆర్మ్స్ జంక్షన్‌లో ఛార్లెస్ హట్టన్ గ్రెగరీ సిగ్నళ్లన్నింటినీ ఒకే వేదిక మీదికి తెచ్చాడు. కాలితో నొక్కే ఇనుప పాదానీలతో సిగ్నల్ రెక్కలు కదిలేవి. ఒకదానికొకటి విరుద్ధమైన రెండు సిగ్నళ్లు ఏకకాలంలో పడకుండా ఆ పాదానీల మధ్య అడ్డు ఉండేది. పాయింట్లకూ సిగ్నళ్లకూ మధ్య మాత్రం ఇంకా ముడి పడలేదు. లండన్, బ్రైటన్, సౌత్ కోస్ట్ రైల్వేలో వడ్రంగిగా చేరిన జాన్ సాక్స్‌బీ 1856లో ఈ రెంటినీ కలిపి నడిపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. లివరు కదలిక మొదలు కాకముందే విరుద్ధమైన లివర్లు బిగుసుకుపోయే అసలు సిసలు ఇంటర్‌లాకింగ్‌ను 1860 ప్రాంతంలో కెంటిష్ టౌన్ జంక్షన్‌లో ఆస్టిన్ ఛేంబర్స్ అమర్చాడు. సాక్స్‌బీ 1862లో జాన్ ఫార్మర్‌తో కలిసి సాక్స్‌బీ అండ్ ఫార్మర్ సంస్థ పెట్టాడు. లండన్ కిల్‌బర్న్‌లోని వాళ్ల కర్మాగారం నుంచి లివర్ ఫ్రేములతో పాటు క్యాబిన్ కట్టడాలూ దేశమంతటా వెళ్లేవి.

బ్లాకు పద్ధతి. యంత్రాన్ని ఒక గూటికి చేర్చింది ఇంటర్‌లాకింగ్ అయితే, ఒక గూటిని మరో గూటితో కలిపింది టెలిగ్రాఫ్. మార్గాన్ని బ్లాకు సెక్షన్లుగా విడగొట్టి, ఒక సెక్షన్‌లో ఒకే బండి ఉండాలన్న సూత్రాన్ని విలియం ఫాదర్‌గిల్ కుక్ 1842లోనే ప్రతిపాదించాడు. ఖర్చుకు జంకి కంపెనీలు దాన్ని దశాబ్దాల పాటు సాగదీశాయి. (చూ. బ్లాకు పద్ధతి, టోకెన్ పద్ధతి)

1889 చట్టం. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర విహారయాత్ర బండి ఒకటి చడావు ఎక్కలేక ఆగిపోయింది. బండిని రెండుగా విడదీస్తుండగా వెనక భాగం వాలులో దొర్లుకుంటూ వెళ్లి, నిమిషాల లెక్కన వదిలిన వెనక బండిని ఢీకొంది. 80 మంది చనిపోయారు, అందులో పిల్లలు ఎక్కువ. కొద్ది వారాల్లోనే బ్రిటిష్ పార్లమెంటు రైల్వేల నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. ప్రయాణికుల మార్గాల్లో బ్లాకు పద్ధతి, ఇంటర్‌లాకింగ్, బండి పొడవునా పనిచేసే బ్రేకులు, మూడూ తప్పనిసరి అయ్యాయి. ఇప్పుడు నిలిచి ఉన్న పాత క్యాబిన్లలో 1890ల నాటివి అంతగా కనిపించడానికి ఈ చట్టం ఒక ముఖ్య కారణం.

1948లో రైల్వేలను జాతీయం చేసేనాటికి బ్రిటన్‌లో 10,000కు పైగా సిగ్నల్ క్యాబిన్లు ఉండేవి.

కట్టడం తీరు

ఎత్తు, చోటు. సిగ్నల్‌మ్యాన్ తన పరిధిలోని పట్టాలన్నీ కంటితో చూడగలగాలి. ప్రతి బండి చివర ఎర్ర దీపం ఉందో లేదో గమనించగలగాలి. అందుకే పనిగది నేల పట్టాల కంటే ఎంతో ఎత్తున ఉంటుంది. దగ్గరలో వంతెనో ప్లాట్‌ఫాం పైకప్పో అడ్డం వస్తే ఎత్తు మరింత పెరుగుతుంది. చోటు చాలని చోట్ల విచిత్రమైన ఆకారాలు వచ్చాయి. నార్త్ ఈస్టర్న్ రైల్వే హెక్స్‌హాంలో 1896లో, వైలంలో 1897లో పట్టాల మీదుగా ఇనుప దూలాలు వేసి వాటి మీద క్యాబిన్లు కట్టింది. బండ్లు వాటి కింద నుంచే పోతాయి. అదే మార్గంలోని హాల్ట్‌విజిల్‌లో 1901 నాటి క్యాబిన్ అడుగున సన్నగా ఉండి, పైగది మాత్రం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. కింద ప్లాట్‌ఫాం మీద ఉన్న చోటు అంతే.

పొడవు. లివర్ల మధ్య దూరం సుమారు పది, పదిహేను సెంటీమీటర్లు. కనుక పది లివర్ల పల్లె క్యాబిన్ చిన్న గదిలా, నూరు దాటిన జంక్షన్ క్యాబిన్ వరండాలా సాగుతుంది. లివర్లను బట్టి ఫ్రేము, ఫ్రేమును బట్టి గోడ.

లాకింగ్ గది. బరువంతా మోసేది ఇదే కాబట్టి చాలా చోట్ల ఇటుకతోనో రాతితోనో కట్టారు. పట్టాల వైపు గోడ అడుగున వెడల్పాటి సందు వదులుతారు. సిగ్నళ్లకు పోయే తీగలు, పాయింట్లకు పోయే ఇనుప కడ్డీలు ఆ సందులోంచి బయటికి వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో చాలా లాకింగ్ గదుల కిటికీలను ఇటుకలు పెట్టి మూసేశారు. తర్వాత తెరిచే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆ అతుకులు నేటికీ కనిపిస్తాయి.

పనిగది. కిటికీ తలుపులు పక్కకు జరిగేవి. సిగ్నల్‌మ్యాన్ తల బయట పెట్టి డ్రైవరుకు జెండా చూపించాలంటే అలా ఉండక తప్పదు. లోపల లివర్ల వరుస, దాని పైన వేలాడే అలమర మీద బ్లాకు పరికరాలు, గంటలు ఉంటాయి. గోడకు ఆ పరిధి పట్టాల పటం, ఒక మూల బొగ్గు కుంపటి, ఇంకో పక్క నిలబడి రాసే ఎత్తైన బల్ల, దాని మీద ట్రైన్ రిజిస్టరు, గడియారం. నేల మీద లినోలియం పరిచి మెరిసేలా తుడిచేవారు. బూట్లతో లోపలికి వచ్చినవాళ్ల మీద చాలామంది సిగ్నల్‌మ్యాన్‌లు కసురుకునేవారు. మరుగుదొడ్డి మాత్రం మెట్లు దిగి వెళ్లవలసిన బయటి గదే.

శైలులు

1860ల, 70లలో సాక్స్‌బీ అండ్ ఫార్మర్, స్టీవెన్స్, మెకెంజీ అండ్ హాలండ్ వంటి గుత్తేదారులే క్యాబిన్లు కట్టి ఇచ్చేవారు. తర్వాత పెద్ద కంపెనీలు సొంత నమూనాలు తయారు చేసుకున్నాయి. కప్పు, కిటికీ చూసి ఫలానా కంపెనీదని చెప్పగలిగేంత తేడా వాటి మధ్య ఉంది.

మిడ్‌లాండ్ రైల్వే డర్బీలో చెక్క పలకలను ముందే తయారు చేయించి, బండిలో పంపి, అక్కడికక్కడ బిగించేది. నాలుగు వైపులా వాలిన కప్పు, కొనల మీద చెక్కిన చెక్క మొనలు దీని గుర్తు. పలకలు విప్పి మళ్లీ బిగించే వీలున్నందున తరలించి కాపాడిన క్యాబిన్లలో వీటికి ప్రత్యేక స్థానం ఉంది. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే ఇటుకల దగ్గర నుంచి కిటికీల దాకా క్రూలోనే తయారు చేసుకుంది. ఇటుక అడుగు, చెక్క పైభాగం, రెండు వైపులా వాలే కప్పు దాని తీరు. అలంకారం తక్కువ, దృఢత్వం ఎక్కువ. గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఎర్ర ఇటుకకు నీలి ఇటుక అంచులు వేసి, పై వరసలో మూడు, కింది వరసలో రెండు అద్దాల కిటికీలు పెట్టింది.

1930లలో సదరన్ రైల్వే గుండ్రటి మూలలు, చదును కప్పులతో సినిమా హాళ్లను తలపించే కొత్త రకం మొదలుపెట్టింది. వోకింగ్, హోర్షం క్యాబిన్లు దానికి నమూనాలు. యుద్ధ కాలంలో లండన్, మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే మందపాటి గోడలు, కాంక్రీటు కప్పుతో బాంబులకు తట్టుకునే క్యాబిన్లు కట్టింది. యంత్ర లివర్ల యుగం దాటిన తర్వాతి కట్టడాల్లో ప్రసిద్ధమైనది 1960లలో బిక్‌నెల్ అండ్ హామిల్టన్ రూపకల్పన చేసిన బర్మింగ్‌హాం న్యూ స్ట్రీట్ విద్యుత్ క్యాబిన్. గరుకు కాంక్రీటుతో కోటలా నిలిచే ఈ కట్టడాన్ని 1995లో రక్షిత జాబితాలో చేర్చారు, 2022 డిసెంబరులో దాని పని ముగిసింది.

పనితీరు

లివర్లు. లివరు రంగు దాని పనిని చెబుతుంది. బండిని ఆపే సిగ్నల్‌కు ఎరుపు, ముందస్తు హెచ్చరిక ఇచ్చే డిస్టెంట్ సిగ్నల్‌కు పసుపు, పాయింటుకు నలుపు, పాయింటు తాళానికి నీలం, లెవెల్ క్రాసింగ్ గేటు తాళానికి గోధుమ రంగు, పనిలేనిదానికి తెలుపు. పైన పట్టుకునే భాగాన్ని రంగు వేయకుండా మెరుగు పెట్టి ఉంచుతారు. చెమట తగిలితే తుప్పు పడుతుందని సిగ్నల్‌మ్యాన్ చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డ ఉంటుంది, ఆ గుడ్డ లేకుండా లివరు ముట్టుకోవడం అమర్యాద కింద లెక్క.

పాయింట్లను కడ్డీలతో నెట్టడం, లాగడం రెండూ చేయాలి. అందుకే వాటి దూరానికి పరిమితి ఉంది. 1920ల తర్వాత అది 350 గజాలు, అంటే దాదాపు 320 మీటర్లు. సిగ్నళ్లకు తీగ చాలు కనుక కిలోమీటరు అవతలి డిస్టెంట్ సిగ్నల్‌ను కూడా క్యాబిన్ నుంచే లాగవచ్చు. ఎండకు తీగ సాగుతుంది, చలికి బిగుస్తుంది. లివరు పూర్తిగా లాగినా రెక్క సగమే వాలే పరిస్థితి రాకుండా తీగను బిగించే చక్రాలు లివర్ల వెనక ఉంటాయి. పొడవైన కడ్డీల మధ్యలో ఒక భాగం ఒక వైపుకు, మిగతాది ఎదురు వైపుకు కదిలేలా సరిదిద్దే మడత అమరుస్తారు. ఎండకు రెండు భాగాలూ సాగినా లెక్క సరిపోతుంది.

ఇంటర్‌లాకింగ్. ప్రతి లివరు అడుగున గాట్లు కోసిన ఉక్కు పట్టీ ఉంటుంది. లివరు లాగితే పట్టీ కదిలి, గాటులో కూర్చున్న ఉక్కు దిమ్మెను పక్కకు తోస్తుంది. ఆ దిమ్మె వెళ్లి విరుద్ధమైన మరో లివరు పట్టీలోని గాటులో దిగబడుతుంది. ఇక ఆ లివరు కదలదు. టాపెట్ లాకింగ్ అనే ఈ పద్ధతికి 1870లో పేటెంటు వచ్చింది. వందలాది గాట్లు ఒకదానితో ఒకటి పొసగేలా కోయడం లాకింగ్ ఫిట్టర్ల విద్య. దారిలో పాయింట్లన్నీ సరిగా కూర్చుని తాళం పడితే తప్ప ఆ దారి సిగ్నల్ పడదు. (చూ. ఇంటర్‌లాకింగ్)

గంటల భాష. పక్కపక్క క్యాబిన్ల మధ్య మాటలు గంటల్లో నడుస్తాయి. ఒక ఎక్స్‌ప్రెస్ బండి మొదటి క్యాబిన్ నుంచి రెండో క్యాబిన్‌కు వెళ్లే తీరు ఇది. మొదటి క్యాబిన్ ఒక గంట కొట్టి పిలుస్తుంది, రెండోది ఒక గంటతో పలుకుతుంది. మొదటిది నాలుగు గంటలు కొట్టి, ఎక్స్‌ప్రెస్ బండి ఉంది, తీసుకుంటావా అని అడుగుతుంది. దారి ఖాళీగా ఉంటే రెండో క్యాబిన్ అవే నాలుగు గంటలు తిరిగి కొట్టి, పరికరం ముల్లును ‘లైన్ క్లియర్’కు తిప్పుతుంది. ఆ ముల్లు ప్రతిరూపం మొదటి క్యాబిన్‌లోనూ తిరుగుతుంది. అప్పుడు సిగ్నల్ ఇస్తారు. బండి సెక్షన్‌లోకి దిగగానే మొదటి క్యాబిన్ రెండు గంటలు కొడుతుంది, రెండోది ముల్లును ‘బండి దారిలో ఉంది’ అన్న చోటికి మారుస్తుంది. బండి రెండో క్యాబిన్ దాటి, చివరి ఎర్ర దీపం కంటపడి, సిగ్నల్ తర్వాత పావు మైలు వరకు ఖాళీ అయ్యాక రెండు–ఆపి–ఒకటి గంటలు కొట్టి సెక్షన్ ఖాళీ అని చెబుతుంది.

చివరి దీపం కనిపించకపోతే పెట్టెలు విడిపోయి దారిలోనే ఉన్నాయని అనుమానించాలి. ముందు క్యాబిన్‌కు తొమ్మిది గంటలు, వెనక క్యాబిన్‌కు నాలుగు–ఆపి–అయిదు గంటలు కొట్టాలి. ఆరు గంటలు వరసగా మోగితే అడ్డంకి, ప్రమాదం. అన్ని సిగ్నళ్లూ ఆపు మీద పడేయాలి. రాత్రి క్యాబిన్ మూసేటప్పుడు ఏడు–అయిదు–అయిదు. అటు క్యాబిన్ గంటకూ ఇటు క్యాబిన్ గంటకూ వేరువేరు నాదాలు ఉంటాయి కనుక తల తిప్పకుండానే పిలుపు ఏ వైపు నుంచో తెలిసిపోతుంది.

మనిషి మరపు. యంత్రం విరుద్ధమైన సిగ్నళ్లను ఆపగలదు కానీ, కిటికీ కిందే నిలిచి ఉన్న బండిని మనిషి మరిచిపోతే పాత యంత్రం ఏమీ చేయలేదు. 1910 డిసెంబరు 24న హావ్స్ జంక్షన్‌లో సిగ్నల్‌మ్యాన్ రెండు ఇంజన్లను మరిచి వెనక ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చాడు. 12 మంది చనిపోయారు. 1915 మే 22న స్కాట్లండ్‌లోని క్వింటిన్‌షిల్ దగ్గర నిలిచి ఉన్న బండిని మరిచిపోవడంతో సైనికుల బండి దాన్ని ఢీకొంది. తర్వాత మరో ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆ శిథిలాల్లో దూసుకుపోయింది. మృతులు 220కి పైనే, బ్రిటన్ రైల్వే చరిత్రలో ఇంతకు మించిన ప్రమాదం లేదు. లివరు మెడలో వేసి, అది కదలకుండా గుర్తు చేసే ఇనుప కడియాలు ఆ క్యాబిన్‌లో ఉన్నాయి, వాటిని వేయలేదు. ఆగిన బండి ఫైర్‌మ్యాన్ క్యాబిన్‌కు వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి గుర్తు చేయాలన్న నియమమూ ఉంది, ఆ రోజు సంతకమైతే పడింది, కడియం ఉందో లేదో ఎవరూ చూడలేదు. పట్టాల మీద బండి ఉనికిని విద్యుత్తుతో కనిపెట్టే ట్రాక్ సర్క్యూట్ల వాడకం ఇలాంటి ప్రమాదాల తర్వాతే ఊపందుకుంది. (చూ. ట్రాక్ సర్క్యూట్)

సెవర్న్ బ్రిడ్జ్ జంక్షన్ క్యాబిన్, ష్రూస్‌బరీ

ఇంగ్లండ్–వేల్స్ సరిహద్దు దగ్గరి ష్రూస్‌బరీ పట్టణంలో సెవర్న్ నది మీది వంతెన దాకా సాగే స్టేషన్‌కు ఆగ్నేయంగా ఈ క్యాబిన్ ఉంది. వుల్వర్‌హాంప్టన్ వైపు, హెరిఫర్డ్ వైపు పోయే మార్గాలు విడిపోయే త్రికోణం నడుమ నిలబడి ఉంటుంది. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే దీన్ని 1903లో కట్టింది. 180 లివర్ల ఫ్రేము. యార్క్‌లో 295 లివర్లతో ఉండిన లోకోమోటివ్ యార్డ్ క్యాబిన్ 1951లో, మెల్బోర్న్‌లోని స్పెన్సర్ స్ట్రీట్ నంబర్ 1 క్యాబిన్ 2008లో మూతపడ్డాక, వాడకంలో ఉన్న యంత్ర సిగ్నల్ క్యాబిన్లలో ప్రపంచంలో ఇదే పెద్దదిగా మిగిలింది.

కంపెనీ మామూలు నమూనా కంటే ఇది ఎత్తు ఎక్కువ. దూరం నుంచి మూడంతస్తుల మేడలా కనిపిస్తుంది. పైగదిలో లివర్ల వరుస ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా సాగుతుంది. లివరు ముందు భాగంలో గుర్రపు రికాబు ఆకారపు పట్టు ఉండటం ఆ కంపెనీ ఫ్రేముల ప్రత్యేకత. పట్టాలు తగ్గి, సరకు యార్డులు మూతపడి, ఇప్పుడు సగానికి సగం లివర్లకు పని లేదు. తెల్ల రంగు వేసిన ఆ లివర్లు ఒకప్పుడు ఎన్ని దారులుండేవో చెప్పే లెక్కగా ఫ్రేములోనే నిలిచి ఉన్నాయి. చుట్టూ రెక్క సిగ్నళ్లు ఇంకా పనిచేస్తున్నాయి. గ్రేడ్-2 రక్షిత కట్టడమైన ఈ క్యాబిన్ ఆ పని కోసమే కట్టిన చోట ఆ పనే చేస్తోంది.

ష్రూస్‌బరీ స్టేషన్‌కు ఉత్తరపు కొసన క్రూ జంక్షన్ క్యాబిన్ ఉంది. 1907 అక్టోబరు 15 తెల్లవారుజామున ఆ వైపు మలుపులోనే టపా బండి ఒకటి వేగం తగ్గించకుండా వచ్చి పట్టాలు తప్పింది. 18 మంది చనిపోయారు.

క్షీణత

1950ల నుంచి విద్యుత్ ప్యానెళ్లు విస్తరించాయి. ఒక ప్యానెల్ గది పదుల కొద్దీ పాత క్యాబిన్ల పని అందుకుంది. 1960లలో నష్టాల మార్గాలు మూసేసినప్పుడు వాటి క్యాబిన్లూ పోయాయి. చెక్క కట్టడాలను చాలా చోట్ల అక్కడికక్కడే తగలబెట్టారు. 2010 తర్వాత నెట్‌వర్క్ రైల్ సంస్థ, అప్పటికి 800కు పైగా చోట్ల ఉన్న సిగ్నల్ నియంత్రణను పన్నెండు పెద్ద కేంద్రాలకు మార్చే దీర్ఘకాల పథకం ప్రకటించింది. ఏ క్యాబిన్లను నిలుపుకోవాలన్న ప్రశ్న అప్పుడు తప్పనిసరి అయింది.

పరిరక్షణ

చట్టపరమైన రక్షణ. ఇంగ్లండ్‌లో కట్టడాలను గ్రేడ్-1, గ్రేడ్-2 స్టార్, గ్రేడ్-2 అని మూడు తరగతుల్లో జాబితా చేస్తారు. సిగ్నల్ క్యాబిన్లు దాదాపు అన్నీ గ్రేడ్-2. జాబితాలో చేరిన కట్టడాన్ని కూల్చాలన్నా, దాని స్వరూపం మార్చాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. 2013 జులైలో ఇంగ్లిష్ హెరిటేజ్, నెట్‌వర్క్ రైల్ కలిసి చేసిన అధ్యయనం తర్వాత ఒకేసారి 26 క్యాబిన్లను జాబితాలో చేర్చారు. లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే 1891లో కట్టిన హెబ్డెన్ బ్రిడ్జ్ క్యాబిన్ అందులో ఒకటి. 1985లో ఏర్పడిన రైల్వే హెరిటేజ్ ట్రస్ట్ ఇలాంటి కట్టడాల మరమ్మతులకు ఆర్థిక సాయం చేస్తుంది.

జాబితా కూలగొట్టడాన్ని ఆపుతుంది కానీ వాడుకను ఇవ్వదు. పని ఆగిన క్యాబిన్ నడుస్తున్న పట్టాల పక్కనే ఉంటే సందర్శకులను పంపలేరు. అద్దాలు పగలకుండా రేకులు కొట్టి మూసేస్తారు. వాన నీరు దిగి చెక్క కుళ్లుతుంది. పాత రంగుల్లో సీసం, పైకప్పు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటే మరమ్మతు ఖర్చు రెట్టింపవుతుంది. వాడుకలో ఉన్నవాటికి వేరే ముప్పు: చలి తట్టుకోవడానికి చెక్క కిటికీలు పీకి ప్లాస్టిక్‌వి పెట్టడం వల్ల చాలా క్యాబిన్లు జాబితాకు అర్హత పోగొట్టుకున్నాయి.

తరలింపు. మిడ్‌లాండ్ రైల్వే 1891లో సెటిల్ స్టేషన్ దగ్గర కట్టిన క్యాబిన్ 1984లో మూతపడింది. 1997లో దాన్ని కొద్ది దూరంలోకి మార్చారు, ఔత్సాహికులు బాగుచేసి సందర్శకులకు తెరిచారు. ఎక్సెటర్ వెస్ట్ క్యాబిన్‌ను విప్పి క్రూ హెరిటేజ్ సెంటర్‌కు తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. చెక్క భాగం కదులుతుంది, ఇటుక అడుగు కదలదు. కొత్త చోట కొత్త అడుగు కట్టుకోవలసిందే. చూడవలసిన పట్టాలు కిటికీ ముందు లేకపోవడం తరలించిన క్యాబిన్లన్నింటికీ ఉన్న లోటు. సెవర్న్ వ్యాలీ, బ్లూబెల్ వంటి వారసత్వ రైలుమార్గాల్లో ఈ లోటు లేదు. అక్కడ పాత లివర్లు, గంటలు, బ్లాకు నియమాలతోనే ఆవిరి బండ్లు నడుస్తున్నాయి.

మార్పిడి. డెవన్‌లోని టోట్‌నెస్ స్టేషన్ క్యాబిన్ కాఫీ హోటలుగా మారింది. ఇలాంటి మార్పిడిలో గోడలు, కిటికీలు దక్కుతాయి, ఫ్రేము సాధారణంగా పోతుంది. యంత్రం చుట్టూ కట్టిన కట్టడంలోంచి యంత్రాన్ని తీసేస్తే దక్కేది సగమేనని సిగ్నలింగ్ చరిత్రకారుల వాదన. ఖాళీగా ఉంటే ఆ సగమూ కూలుతుందని ఆస్తి చూసేవారి జవాబు. చిన్న స్టేషన్ల విషయంలో రెండో మాటే నెగ్గుతోంది. అయితే యంత్రం పోతే దాన్ని మళ్లీ తయారు చేసే కొలిమి ఇప్పుడు లేదన్న సంగతి తూకంలో వేయాలి: గాట్ల పట్టీలు కోయగల ఫిట్టర్లు బ్రిటన్‌లో కొద్దిమందే మిగిలారు.

సెయింట్ ఆల్బన్స్ సౌత్ క్యాబిన్

ఫ్రేముతో సహా కట్టిన చోటే కాపాడినదానికి ఇది మంచి నమూనా. లండన్‌కు ఉత్తరాన సెయింట్ ఆల్బన్స్ సిటీ స్టేషన్ పక్కన మిడ్‌లాండ్ రైల్వే దీన్ని 1892లో కట్టింది. వెస్ట్ హాంప్‌స్టెడ్ విద్యుత్ క్యాబిన్ వచ్చాక 1979లో పని ఆగింది. గ్రేడ్-2 జాబితాలో ఉన్నందున కూల్చలేకపోయారు, కానీ ఇరవై ఏళ్లకు పైగా అలాగే పాడుబడి ఉండిపోయింది. 2003లో స్థానికులు ట్రస్టుగా ఏర్పడి మరమ్మతు మొదలుపెట్టారు. 2008లో సందర్శకులకు తెరిచారు.

ప్రధాన మార్గం పట్టాలు క్యాబిన్ పక్కనే ఉన్నాయి, కంచె మాత్రం అడ్డం. అందుకని నడుస్తున్న రైల్వేతో ముడి లేకుండా పెరట్లో రెక్క సిగ్నళ్లు నాటి, వాటిని లోపలి లివర్లకు కలిపారు. వచ్చినవారు గుడ్డ పట్టుకుని లివరు లాగితే బయట రెక్క కదలడం కిటికీలోంచి కనిపిస్తుంది. కిటికీ బయట అసలు బండ్లు దూసుకుపోతుండగా లోపల పాత కాలపు బండిని గంటలతో నడిపించి చూపుతారు. నిర్వహణ అంతా స్వచ్ఛంద సేవకులదే.

భారతదేశంతో సంబంధం

బ్రిటన్ సిగ్నలింగ్ సంస్థలకు భారతదేశం పెద్ద మార్కెట్టు. సాక్స్‌బీ అండ్ ఫార్మర్ శాఖ కలకత్తాలో ఉండేది. దాని వారసత్వమే తర్వాతి వెస్టింగ్‌హౌస్ సాక్స్‌బీ ఫార్మర్ సంస్థ. క్యాబిన్ రూపం అదే అయినా ఇక్కడి నిర్వహణ వేరు. బ్రిటన్‌లో బండిని తీసుకోవాలా వద్దా అన్నది సిగ్నల్‌మ్యాన్ నిర్ణయం. భారతీయ స్టేషన్లలో ఆ అధికారం స్టేషన్ మాస్టరుది. రెండు కొసల క్యాబిన్లలోని లివర్‌మ్యాన్‌లు ఆయన ఇచ్చిన మేరకే లివర్లు లాగేవారు. ఆయన గదిలోని మీట వదలందే క్యాబిన్‌లో సిగ్నల్ లివరు కదిలేది కాదు. ఎండల తీవ్రతకు ఒంటి తీగ సాగడం పెద్ద సమస్య కనుక జంట తీగల సిగ్నళ్లు ఇక్కడ విస్తృతంగా వాడారు.

సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణనిచ్చే భారతీయ రైల్వే సంస్థ ఇరిసెట్ 1957లో సికింద్రాబాద్‌లో మొదలైంది. ప్రస్తుతం దేశమంతటా లివర్ ఫ్రేములను తీసేసి ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెడుతున్నారు. తెలుగు రాష్ట్రాల్లోని స్టేషన్ల కొసల్లో పనిలేని పాత క్యాబిన్ గదులు కొన్ని మెట్లు ఊడి, కిటికీలు మూసి నిలబడి ఉన్నాయి, మరికొన్నింటిని రిలే గదులుగానో సామాను గదులుగానో వాడుతున్నారు. (చూ. ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్, జంట తీగల సిగ్నళ్లు)